విశేషాల గడి

ముత్యానికి భయాలు కొత్తేం కాదు. బల్లంటే భయం, లెక్కల టీచరంటే భయం, వీధి చివర కుంటి కుక్కంటే మహా భయం. అయితే పద్నాలుగేళ్లొచ్చాక ఒక పుస్తకాన్ని చూసి వణకాల్సి వస్తుందని మాత్రం ఆ శనివారం సాయంత్రం దాకా ఆ పిల్ల కల్లో కూడా అనుకోలేదు. ఆ పుస్తకం ఇప్పుడు బీరువాలో పాత దుప్పట్ల కింద ఉంది. బాబాయి దాన్ని చొక్కా లోపల దాచుకుని మిల్లు నుంచి తెచ్చి, ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకుండా అక్కడ దోపేశాడు. అట్ట మీద 'బాయిలర్ రోజువారీ రిజిస్టరు' అని ఉంటుంది. లోపల బాబాయి సంతకాలు తప్ప మిగతా ప్రతి అక్షరమూ ముత్యం రాసిందే.

ఆమె అసలు పేరు బడి హాజరు పట్టీలో భద్రంగా ఉంది, దాంతో ఎవరికీ పని పడలేదు. రాత ముత్యాల్లా ఉందని మూడో తరగతిలో ఎవరో అన్నారట, అంతే, ఇంటికీ వీధికీ ముత్యమైపోయింది. నాన్న పోయాక అమ్మా తనూ బాబాయి ఇంట్లోనే ఉంటున్నారు. బాబాయి బట్టలకి రంగులేసే మిల్లులో బాయిలర్ సూపర్‌వైజరు. పిల్లల్లేరు, ముత్యమే ఆయనకి లోకం. ఆమె ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, మిల్లు మానేసి మంచం పక్కన కూర్చుంటాడు. అంత మంచి మనిషికి దేవుడు చేతిరాత ఒక్కటీ ఇవ్వడం మర్చిపోయాడు. కోడి కెలికినట్టుంటుంది. తను రాసింది మర్నాటికి తనకే అర్థం కాక పిన్ని దగ్గరికి తెస్తే ఆవిడ నవ్వలేక చచ్చేది.

మిల్లులో బాయిలర్ చేసే పని నీళ్లు కాచి రంగు తొట్లకి ఆవిరి పంపడం. గంట గంటకీ ఆవిరి ప్రెషరెంతో, నీటి మట్టమెంతో గేజీలు చూసి పుస్తకంలో ఎక్కించాలి. ప్రతి వరుస చివరా 'విశేషాలు' అని ఒక గడి ఉంటుంది. ఏదైనా తేడా కనిపిస్తే అందులో రాయాలి. పేజీ అడుగున సూపర్‌వైజరు చదివి సంతకం పెట్టాలి. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాయన బాబాయి రాత చూసి, దీని మీద చీమలేమైనా పాకాయా అని పదిమందిలో అడిగాడు. బాబాయికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచీ పుస్తకం ఇంటికి రావడం మొదలైంది. అప్పుడు ముత్యానికి పదకొండేళ్లు. బాబాయి చీటీ మీద అంకెలు తెచ్చేవాడు, ముత్యం పుస్తకంలోకి దించేది.

కొన్నాళ్లకి చీటీలు మానేశాడు. నిన్నటివే కాస్త అటూ ఇటూ మార్చి రాసెయ్యమ్మా, అది రోజూ ఒకేలా ఉంటుంది అన్నాడు. ముత్యానికి అందులో తప్పు తోచలేదు సరికదా, ఆట దొరికినట్టయింది. సోమవారం బాయిలర్‌కి బద్ధకమని ప్రెషరు ఆరున్నర దగ్గర ఉంచేది. భోజనాలయ్యాక కునుకు తీస్తుందని పావు తగ్గించేది. సెలవు ముందు రోజు హుషారెక్కువని ఏడుంపావు వేసేది. ఎన్నడూ కళ్లతో చూడని యంత్రానికి మూడేళ్లపాటు రోజుకో మనసు కల్పించి పెట్టింది. ఆమె రాసిన మొదటి కథలు అవే అనుకోవాలి. విశేషాల గడిలో మాత్రం ఏ కల్పనా ఉండేది కాదు. రోజూ ఒకటే మాట, 'ఏమీ లేవు'. బాబాయి చదవకుండానే అడుగున సంతకం గీకేసేవాడు.

ఆ బాయిలర్ దగ్గర ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి ఆవిరి తాత. రెండిళ్ల అవతల కూతురితో ఉంటాడు. చదువు రాదు. చదువొచ్చిన వాళ్లంటే, మరీ ముఖ్యంగా ముత్యమంటే, ఆయనకి చెప్పలేనంత గురి. పన్నెండు రోజుల కిందట ఆమె బడి నుంచి వస్తుంటే వీధిలో ఆపాడు. ప్రెషరెక్కువైతే దానంతటదే తెరుచుకుని ఆవిరి వదిలెయ్యాల్సిన సేఫ్టీ వాల్వు బిగుసుకుపోయిందట. మీ బాబాయి చెవిన రెండుసార్లు వేశాను, పనుల్లో పడి మర్చిపోతున్నాడు, నువ్వు పుస్తకంలో రాసెయ్యి, పుస్తకంలో పడితే పైవాళ్లు చూస్తారు అన్నాడు. ముత్యం ఆ సాయంత్రమే బాబాయికి చెప్పింది. ఆయన మొహం చిట్లించాడు. అది రాస్తే బాయిలర్ ఆపాలి, ఆపితే సరుకు ఆగిపోతుంది, మేనేజరు ఊరుకోడు, వచ్చే నెల ఎలాగూ మరమ్మతు ఉంది అని నాలుగు మాటలు చెప్పి, ఏమీ లేవని రాసెయ్ అన్నాడు. ముత్యం రాసేసింది. ఆ రోజు అన్నం సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం లాంటివేమీ జరగలేదు. హాయిగా పడుకుంది.

శనివారం పొద్దున పరీక్ష ఉంది, సాయంత్రం స్నేహితురాలింటికి వెళ్లాలి. అందుకని బడికి బయల్దేరే ముందే, ఆ రోజు ఆరింటి దాకా జరగబోయేదంతా రాసి బాబాయి చేతికిచ్చేసింది. నాలుగింటికి ప్రెషరు ఏడు. అయిదింటికి ఏడు. ఆరింటికి ఆరుంముప్పావు. విశేషాలు ఏమీ లేవు. మధ్యాహ్నం మూడూ పదికి బాయిలర్ పక్కన ఆవిరి గొట్టం పగిలింది.

అమ్మ వెంట ఆస్పత్రికి వెళ్లింది ముత్యం. తాతకి సగం మొహానికీ, రెండు చేతులకి మోచేతుల దాకా కట్లు. బిగుసుకున్న వాల్వుని చేత్తో ఎత్తడానికి పెనుగులాడుతుంటే పక్కనే గొట్టం పగిలిందట. తొట్ల దగ్గరున్న ఆడవాళ్లని బయటికి పొమ్మని అరిచి, తను మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదని కూతురు ఏడుస్తూ చెప్పింది. అంతకు ముందే మిల్లు మనిషొకడు వచ్చి వెళ్లాడు. విచారణలో తప్పు తాతదని తేలితే వైద్యంతో తమకే సంబంధమూ ఉండదని మర్యాదగా చెప్పి మరీ వెళ్లాడు. ముత్యం గొంతు వినబడి తాత కట్టు లేని కన్ను తెరిచాడు.

"ఎందుకే ఏడుస్తావు?" అని కూతుర్ని కసిరాడు. "వాల్వు సంగతి పుస్తకంలో ఉంది. ముత్యం రాసింది. రాశావు కదమ్మా?"

ముత్యం అవునన్నట్టు తలూపింది. అబద్ధమాడటానికి నోరు కూడా అక్కర్లేదని ఆమెకి అప్పుడే తెలిసింది. తాత తృప్తిగా కన్ను మూసుకున్నాడు. ముత్యం ఇంటికొచ్చే దారంతా అమ్మ చెయ్యి వదల్లేదు. ఏమిటే చిన్నపిల్లలా అని అమ్మ అడిగినా వదల్లేదు.

ఆదివారం పొద్దున బాబాయి కొత్త రిజిస్టరొకటీ, టైపు చేసిన చీటీ ఒకటీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. చీటీ మేనేజరు ఇచ్చింది. బాబాయి కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పాత పుస్తకంలో ప్రమాదం తర్వాతి గంటలకి కూడా అంకెలున్నాయి, అది విచారణకి వచ్చే ఇన్‌స్పెక్టరమ్మ కంట పడితే తన పని అయిపోయినట్టే అన్నాడు. సోమవారం పదింటికి ఆవిడ వస్తోంది. ఈలోపు నెల మొదటి నుంచీ ఇరవై రెండు పేజీలూ ఇందులోకి ఎక్కించాలి. శనివారం మూడింటి వరుసలో మాత్రం చీటీలో ఉన్నది తూచా తప్పకుండా దించాలి. పాతది ఆ తర్వాత తగలబెట్టేస్తాడు. చీటీలో ఉన్నది ఒక్క వాక్యం: 'అటెండెంటు తన స్థానంలో లేడు, నీటి మట్టం గమనించలేదు.'

"తాత అక్కడే ఉన్నాడు కదా బాబాయ్," అంది ముత్యం.

"తెలుసమ్మా." బాబాయి నేల చూపులు చూశాడు. "నన్ను జైల్లో వేస్తారు ముత్యం. నన్నేమిటి, రాత నీది. రేపు నిన్నూ అడుగుతారు. ఈ ఒక్కసారికి రాసెయ్."

కోప్పడినా, ఒక దెబ్బ వేసినా ముత్యానికి ఇంత భయం వేసేది కాదు. ఆయన బతిమాలుతున్నాడు. పెద్దవాళ్లకి అన్నీ తెలుసు, వాళ్లు చెప్పినట్టు వింటే ఏ గొడవా ఉండదు అనుకుంటూ పెరిగిన పిల్ల అది. ఇప్పుడు చూస్తే బాబాయికి తనకన్నా ఎక్కువ భయంగా ఉంది. ఇంక ఎవరి వెనకాల దాక్కోవాలో ఆమెకి తెలియలేదు.

తలుపు దగ్గరగా వేసుకుని రాయడం మొదలుపెట్టింది. వీధిలో మోటార్ సైకిల్ ఆగిన చప్పుడైనా పై ప్రాణాలు పైనే పోతున్నాయి. పోలీసులు జీపులోనే వస్తారని తెలిసినా పోతున్నాయి. ఒకటో తారీకు, రెండో తారీకు. ప్రతి పేజీలోనూ తన ఆటలే ఎదురవుతున్నాయి. ఇదిగో సోమవారం బద్ధకం, ఇదిగో భోజనాల తర్వాత కునుకు. ముద్దుగా అనిపించినవన్నీ ఇప్పుడు ఒంటి మీద గొంగళిపురుగులు పాకినట్టున్నాయి. ఆ గంటలన్నీ తాత నిజం గేజీ ముందు నిజంగా నిలబడి ఉన్నాడు. పదో తారీకు విశేషాల గడిలో 'ఏమీ లేవు' అన్న రెండు మాటలు ఎంత అందంగా ఉన్నాయో చూస్తే ఆమెకి తన చెయ్యి మీద తనకే అసహ్యం వేసింది. పిన్ని తెచ్చి పెట్టిన కంచం అలాగే చల్లారిపోయింది.

మధ్యాహ్నం నాలుగు దాటాక ఇరవై రెండో పేజీకి వచ్చింది. పొద్దున ఆరు నుంచి రెండింటి దాకా ఎక్కించింది. మూడింటి వరుస. చీటీ పక్కన పెట్టుకుంది. 'అటెండెంటు తన స్థానంలో' అని రాసింది. తర్వాతి మాట 'లేడు'. కలం ఆ మాట దగ్గర ఆగింది. తాత కట్టు లేని కన్ను గుర్తొచ్చింది. 'ఉన్నాడు' అని రాసింది.

రాశాక చూసుకుని బిత్తరపోయింది. పేజీలకి వరుస నంబర్లున్నాయి, ప్రతి దాని మీదా మిల్లు ముద్ర ఉంది, చింపితే దొరికిపోతారు. కొట్టేస్తే కనిపిస్తుంది. ఎలాగూ ఇంత దూరం వచ్చేసింది, వెనక్కి దారి లేదు, ముందుకైనా పోవాలి. కలం మళ్లీ పట్టుకుంది.

'వాల్వుని చేత్తో ఎత్తుతున్నాడు. అది బిగుసుకుపోయిందని పన్నెండు రోజుల ముందే నాకు చెప్పాడు. నేను బాబాయికి చెప్పాను. ఏమీ లేవని రాయమంటే రాశాను. ఈ పుస్తకంలో అంకెలు గేజీ చూసి రాసినవి కావు. నేను కల్పించినవి. నేను బాయిలర్ని ఎప్పుడూ చూడలేదు.'

గడి చాలలేదు. మాటలు గీత దాటి నాలుగింటి వరుసలోకి, అయిదింటి వరుసలోకి, ఆరింటి వరుసలోకి దిగాయి. మూడేళ్లుగా రోజూ రాస్తూనే ఉంది గానీ, ఎవరూ చెప్పకుండా రాయడం ఆమెకి ఇదే మొదలు. ధైర్యం వచ్చిందనుకుంటారేమో, అదేం లేదు. పుస్తకం మూసి, దాని మీద దిండు పెట్టి, దిండు మీద తను కూర్చుంది. బాబాయి ఎలాగూ చదవడు. ఏనాడూ చదవలేదు, రేపూ చదవడు. ఆ నమ్మకమొక్కటే ఆమెకి దిక్కు.

సోమవారం పొద్దున బాబాయి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. ముత్యం పక్కన నిలబడింది. ఒకటో పేజీ సంతకం, రెండో పేజీ సంతకం. ఎంత బాగా రాశావమ్మా, చేతులు నొప్పెట్టాయేమో, సాయంత్రం నీకు కొత్త బూట్లు చూద్దాం అంటున్నాడు. చూపు పేజీ అడుగునే ఉంది. పదహారు. పదిహేడు. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు తిప్పాడు. పై సగమంతా అక్షరాలతో కిక్కిరిసి ఉన్న పేజీ. బాబాయి అడుగున సంతకం గీకి, కలానికి మూత పెట్టాడు.

అయిపోయింది. ఆమె అనుకున్నట్టే జరిగింది. ఇంక నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. బాబాయి ఆ పుస్తకాన్ని చంకన పెట్టుకుని వెళ్లి, అందులో ఏముందో తెలియకుండా, ఇన్‌స్పెక్టరమ్మ ముందు తన చేత్తో తనే తెరుస్తాడు. పుస్తకంలో ఉందిలే అని గుండె మీద చెయ్యేసుకుని పడుకున్న తాతకీ, ఈయనకీ అప్పుడు తేడా ఏముంది? ఇప్పటిదాకా పడిన భయమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"బాబాయ్, ఆఖరి పేజీ చదువు."

"ఎందుకమ్మా, నువ్వు రాశాక..."

"చదివి తీసుకెళ్లు బాబాయ్."

ఆయన ఆమె మొహం చూసి పుస్తకం మళ్లీ తెరిచాడు. పెదాలు కదుపుతూ చదివాడు. ఒకసారి చదివి మళ్లీ మొదటికి వచ్చాడు.

"ఎవరు చెప్పారు ఇలా రాయమని? మీ అమ్మా?"

"ఎవరూ చెప్పలేదు."

"దీనివల్ల ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు. నాకు చాలా భయంగా ఉంది బాబాయ్," అని ఏడ్చేసింది ముత్యం.

బాబాయి ఓదార్చలేదు. లేచి బీరువా తీసి, దుప్పట్ల కింది నుంచి పాత పుస్తకం కూడా బయటికి లాగాడు. రెండింటినీ సంచిలో వేసుకుని, పిన్ని ఇస్తున్న టీ తాగకుండా వెళ్లిపోయాడు. ముత్యం కిటికీలోంచి చూసింది. వీధి మలుపులో చెత్త తగలబెడుతున్న మంట దగ్గర ఆయన ఆగాడు. చాలాసేపు నిలబడ్డాడు. ఈలోపు చెత్త లారీ ఒకటి అడ్డంగా వచ్చి ఆగింది. అది కదిలి వెళ్లేసరికి మలుపులో ఎవరూ లేరు, పొగ మాత్రం ఉంది.

ఆ రోజు బడికి వెళ్లలేదు. పదయింది, పదకొండయింది. అమ్మకి అంతా చెప్పేసింది. అమ్మ విని, తిట్టబోయి, తిట్టలేక పక్కన కూర్చుంది. పన్నెండింటికి మిల్లు వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టాడు. అమ్మాయిని ఇన్‌స్పెక్టరమ్మ రమ్మంటోంది అన్నాడు. ఎందుకని అమ్మ అడిగితే, నాకేం తెలుసమ్మా, లోపల తలుపులేసుకుని కూర్చున్నారు అని నీళ్లు నమిలాడు. అమ్మే ముత్యం జుట్టు దువ్వి, చెప్పులు తొడిగి తీసుకెళ్లింది.

ఆఫీసుకి బాయిలర్ షెడ్డు పక్క నుంచే వెళ్లాలి. అప్పుడు చూసింది ముత్యం దాన్ని, మొదటిసారి. తను ఊహించినంత పెద్దది కాదు. బద్ధకమూ హుషారూ ఏమీ లేవు దానికి, తుప్పు పట్టిన ఇనుము అంతే. పగిలిన గొట్టం కింద నేలంతా తడిగా ఉంది. ఆ తడిలో తాత చెప్పు ఒకటి బోర్లా పడి ఉంది. రెండోది కనిపించలేదు.

ఆఫీసు గదిలో బల్ల వెనక కళ్లజోడు పెట్టుకున్న ఇన్‌స్పెక్టరమ్మ కూర్చుని ఉంది. ఆవిడ ముందు రెండు రిజిస్టర్లూ తెరిచి ఉన్నాయి, పాతదీ కొత్తదీ. మేనేజరు గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. మూలగా ఉన్న కుర్చీలో బాబాయి, చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిలో శిక్ష పడ్డ పిల్లాడిలా కూర్చున్నాడు. ముత్యాన్ని చూసి కళ్లు దించుకోలేదు. రెండు పుస్తకాలూ ఆయనే తెచ్చిచ్చాడని ఆమెకి అర్థమైంది. తెచ్చిచ్చినందుకు ఆయనకి ఏమవుతుందో మాత్రం ఆ గదిలో ఎవరూ చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ తెల్లకాగితం ఒకటి ముందుకి జరిపింది. ఈ రాత నీదేనని చూసుకోవాలి, దీని మీద ఏదైనా కాస్త రాసివ్వు అంది.

"ఏం రాయాలండీ?" అంది ముత్యం, అలవాటుగా.

"ఏదైనా సరే. నీ ఇష్టం."

ముత్యం కూర్చుంది. మొదటి అక్షరమే వంకర పోయింది, రెండోది గీత దిగిపోయింది. అచ్చం బాబాయి రాతలా, కోడి కెలికినట్టు వచ్చింది. చింపేసి మళ్లీ బాగా రాద్దామా అనిపించింది. చింపలేదు. తాత వీధిలో ఆపి చెప్పిన రోజు నుంచి మొదలుపెట్టింది. ఆయన ఏం చెప్పాడో, తను ఏం రాసిందో, ఆస్పత్రిలో ఎలా తలూపిందో రాసింది. తడిలో పడి ఉన్న చెప్పు గురించి రాసింది.

ఇన్‌స్పెక్టరమ్మ వంగి చూసింది. "చాలమ్మా, రాత కలిసింది. ఇంక వెళ్లొచ్చు."

"ఇంకా అవలేదండీ," అంది ముత్యం. "ఇంకో కాగితం ఇస్తారా?"

ఇన్‌స్పెక్టరమ్మ కదిలేలోపే మూలనున్న బాబాయి లేచాడు. బల్ల మీది కట్టలోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. మళ్లీ వెళ్లి కూర్చోలేదు. ఆమె భుజం పక్కనే నిలబడి, పెదాలు కదుపుతూ, ఆమె రాస్తున్న ప్రతి వాక్యాన్నీ చదువుతున్నాడు.